కాకినాడ నుంచి ఒంగోలుకి పిల్లల సైకిల్ యాత్ర: సామాను, చందాలు, తర్వాతి పని

పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లల చేత ఒక మంచి పనికి చందాలు పోగుచేయించి, వారం పాటు సైకిళ్లు తొక్కించాలని అనుకునేవాళ్లు ముందు హైదరాబాద్–విజయవాడ హైవే వైపే చూస్తారు. నేనైతే ఆ దారి వద్దంటాను. పిల్లలకి సరిపోయేది 216వ జాతీయ రహదారి. కత్తిపూడి దగ్గర 16వ నంబరు హైవే నుంచి విడిపోయి కాకినాడ, యానాం, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా వెళ్లి ఒంగోల్లో మళ్లీ దాన్నే కలుస్తుంది. వంతెనల మీద తప్ప ఎక్కుడు లేదు. కాస్త దూరానికో ఊరు, ఊళ్లో ఒక సైకిల్ షాపు, ఒక టిఫిన్ బండి, అలసిన పిల్లని ఎక్కించడానికి బస్సు. పెద్ద హైవే మీద ఈ మూడూ ఫ్లైఓవర్ల కింద ఉండిపోతాయి, మనం పైన పోతుంటాం.

కాకినాడ నుంచి ఒంగోలు 350 కిలోమీటర్ల పైచిలుకు. ఆరు రోజులకి పంచితే అమలాపురానికి 65 లోపు, నరసాపురానికి 55–60, మచిలీపట్నానికి 70 దాకా, రేపల్లెకి 55, చీరాలకి 65, ఒంగోలుకి 50. ఇవి ఉజ్జాయింపు లెక్కలు. బస ఊరికి ఏ పక్క దొరికిందన్నదాన్ని బట్టి ఐదారు కిలోమీటర్లు అటూ ఇటూ అవుతాయి. మూడో రోజు మీద కన్నేసి ఉంచాలి. రెండు రోజుల నొప్పులు అప్పటికి పోగై ఉంటాయి, దూరం కూడా ఆ రోజే ఎక్కువ. అందుకే రెండో రోజు నరసాపురం చేరాక గుడీ గోపురం అని తిప్పకుండా మధ్యాహ్నమంతా పడుకోనివ్వాలి.

ఇదే దారిని ఒంగోలు నుంచి కాకినాడకి ఎందుకు తొక్కకూడదంటే, గాలి. డిసెంబరు, జనవరిలో ఈశాన్యం నుంచి వీస్తుంది. కాకినాడలో బయల్దేరితే చాలావరకు వీపు మీదో, ఎడమ భుజం మీదో ఉంటుంది. ఎదురైతే అదే పిల్లలు అంతే శ్రమకి గంటకి మూడు, నాలుగు కిలోమీటర్లు తక్కువ వెళ్తారు, రోజుకి ఒక గంట ఎండ అదనంగా తింటారు.

ఇక ఎప్పుడు? దసరా సెలవులు పొడుగే, కానీ అక్టోబరు, నవంబరు కోస్తాకి తుపాన్ల కాలం. సంక్రాంతి సెలవుల్లో గోదావరి జిల్లాల రోడ్ల మీద కోడిపందేల కార్లు, తాగి నడిపేవాళ్లు. ఆ నాలుగు రోజులూ పిల్లల్ని అటు తీసుకెళ్లడం పొరపాటు. మిగిలింది క్రిస్మస్ నుంచి డిసెంబరు 31 లోపు వారం. అన్ని బడులకీ అప్పుడు సెలవులు ఉండవు, రెండు మూడు రోజులు హెడ్‌మాస్టరుని అడిగి తీసుకోవాలి. పదో తరగతి, ఇంటర్ రెండో సంవత్సరం పిల్లల్ని అసలు లెక్కలో వేసుకోకండి. వాళ్లు వస్తామంటారు, ఇంట్లో కూడా సరేనంటారు, ప్రీ–ఫైనల్ తేదీలు రాగానే జట్టులో సగం ఖాళీ. ఎనిమిది, తొమ్మిది, ఇంటర్ మొదటి సంవత్సరం: జట్టు ఈ మూడింటి నుంచే.

సైకిలు సంగతి

గేరు సైకిలే కావాలని లేదు. ఈ దారికి మామూలు సైకిలు చాలు. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉన్న 28 అంగుళాల చక్రాల బండి పెడల్ ఒక్క చుట్టుకి ఐదు మీటర్ల పైన వెళ్తుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 19 కిలోమీటర్లు. జట్టు మొత్తం నడిచే వేగం ఎలాగూ 18 దాటదు. ఆగడాలతో కలిపి గంటకి 14, 15 పడుతుంది. చవక గేరు సైకిళ్లతో వచ్చే తంటాలు మామూలు సైకిలుకి ఉండవు కూడా.

సీటు ఎత్తు దగ్గరే సగం మోకాళ్ల నొప్పులు పుడతాయి. పిల్లాణ్ణి చెప్పుల్లేకుండా గోడకి ఆనించి నిలబెట్టి, గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య పైకంటా నొక్కిపెట్టి, దాని పై అంచు నుంచి నేలకి కొలవండి. ఆ కొలతని 0.883తో గుణిస్తే రెండు పెడళ్ల కమ్మీలూ తిరిగే నడిమి ఇరుసు మధ్య నుంచి సీటు పైదాకా ఉండాల్సిన ఎత్తు. 76 సెంటీమీటర్ల కాలుకి 67. టేపు లేకపోతే సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టించండి. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు కాలు నిటారుగా రావాలి. మన పిల్లలు దాదాపు అందరూ రెండు కాళ్లూ నేలకి ఆనేలా సీటు కిందికి దించుకుంటారు. మోకాలి ముందు భాగంలో నొప్పి వచ్చేది అందువల్లే. వెనక భాగంలో నొప్పి, తొక్కేటప్పుడు నడుం అటూ ఇటూ ఊగడం ఉంటే సీటు ఎక్కువ ఎత్తయిందని గుర్తు. కొలిచి వదిలేస్తే సరిపోదు. ఎదుగుదల జోరుమీదున్న వయసులో కొందరు మగపిల్లలు ఏడాదికి ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు పెరుగుతారు. అందులో సగం దాకా కాళ్లదే, సెప్టెంబరులో కొలిచిన సీటు డిసెంబరుకి ఒక సెంటీమీటరు దాకా పొట్టి అయిపోతుంది. బయల్దేరే ముందు వారం మళ్లీ కొలవాలి. సీటు గొట్టం మీద గీసి ఉన్న కనీస గీత మాత్రం బయటికి కనిపించకూడదు. గీత కనిపించిందంటే ఆ ఫ్రేము ఆ పిల్లకి చిన్నది.

మోకాలి చిప్ప కింద, ఎముక ఉబ్బెత్తుగా ఉండే చోట ముట్టుకుంటే నొప్పి అంటే సీటు ఒక్కటే కారణం కాదు. వేగంగా ఎదిగే పిల్లల్లో తొడ కండరం లాగే చోట ఎముక ఇంకా గట్టిపడి ఉండదు, అక్కడ వాపు వస్తుంది. ఆ పిల్లవాడికి యాత్ర కంటే విశ్రాంతి ముఖ్యం. మాత్ర వేసి తొక్కించకండి, డాక్టరుకి చూపించండి.

టైరులో గాలి: 26 అంగుళాల లావు టైరుకి ముందు 40–45, వెనక 45–50 పీఎస్‌ఐ, 700 సైజు 35 మిల్లీమీటర్ల టైరుకి ముందు 50, వెనక 55–60. ఇది యాభై కిలోల లోపు పిల్లలకి. టైరు పక్కన అచ్చువేసిన హద్దులు దాటకూడదు. గాలి తక్కువైతే గుంతలో పడినప్పుడు రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. రెండు చిల్లులు కనిపిస్తే ముల్లు కోసం వెతకడం దండగ, అందరి టైర్లూ నొక్కి చూడండి.

వాల్వుల గొడవ ముందే తేల్చుకోవాలి. ఒకే జట్టులో మూడు రకాలు వస్తాయి. మామూలు సైకిళ్లకి లోపల సన్నని రబ్బరు గొట్టం తొడిగిన డన్‌లప్ వాల్వ్, గేరు సైకిళ్లకి మోటారు సైకిలు లాంటి ష్రేడర్, ఖరీదు సైకిళ్లకి సన్నని ప్రెస్టా. ఊళ్లలో గాలి కొట్టే పంపు మొదటి దానికి పనికొస్తుంది, రెండోదానికి పెట్రోలు బంకు ఉంది. ప్రెస్టా వాల్వుకి మాత్రం ఇత్తడి అడాప్టర్ జేబులో లేకపోతే అవనిగడ్డలో దిక్కులు చూడాలి. అడాప్టర్ చాలా చిన్నది, పోతుంది. ఒక్కో సైకిలుకి రెండు కొనండి. బంకులో గాలి పెట్టించేటప్పుడు పిల్లలే పట్టుకోవాలి, లారీకి కొట్టినట్టు కొడితే ట్యూబు అక్కడే పేలుతుంది.

స్పోకులు విరగడం ఎక్కువగా వెనక చక్రంలో, అదీ గేర్లున్న వైపు. ఆ వైపు గేర్లకి చోటివ్వడానికి స్పోకులు నిటారుగా, బిగువుగా ఉంటాయి, ఎదుటి వైపువి వదులు. ఫ్యాక్టరీలో మిషను బిగించిన చవక చక్రాల్లో బిగువు ఒక్కో స్పోకుకి ఒక్కోలా ఉంటుంది, వందల కిలోమీటర్లు తొక్కేసరికి మెడ దగ్గర తెగుతాయి. కొత్త సైకిలుని కనీసం 200 కిలోమీటర్లు తొక్కించి, ఒకసారి మంచి మెకానిక్ చేత రిమ్ము బెండు తీయించి, స్పోకులన్నీ మీటి చూడాలి. ఒకే వైపు స్పోకులు దాదాపు ఒకే స్వరం పలకాలి. దారిలో తెగితే తెగిన ముక్కని పక్క స్పోకుకి చుట్టేసి, రిమ్ము గీసుకుంటుంటే వెనక బ్రేకు కాస్త వదులు చేసి, నిదానంగా బస చేరాలి. మార్చాలంటే గేర్లు ఊడదీయాలి; గేర్ల పళ్లు మరతో బిగించే రకం (ఫ్రీవీల్) అయితే ఒక పనిముట్టు, గాడిలో జారించే రకం (క్యాసెట్) అయితే వేరే పనిముట్టు. ఎవరి సైకిలుకి ఏది ఉందో ముందే రాసి పెట్టుకోకపోతే సరిగ్గా కావాల్సిందే ఇంట్లో ఉండిపోతుంది.

చైను 24 లింకులు కొత్తగా ఉన్నప్పుడు సరిగ్గా 12 అంగుళాలు. ఉక్కు స్కేలు పెట్టి చూడండి. అంగుళంలో పదహారో వంతు సాగిందంటే మార్చండి. సాగిన చైనుతో తొక్కితే పళ్లు కూడా అరిగి రెండింటికీ డబ్బు పెట్టాలి. ఇంజిన్ ఆయిలు పోయకండి, ఈ దారి దుమ్ము పట్టి పేస్టులా మారుతుంది. సన్నని మిషను నూనె లింకుకొక చుక్క, పది నిమిషాలాగి పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేయడం.

ఇంకొకటి. సైకిళ్లు వ్యాన్‌లోనో రైల్లోనో కాకినాడ చేరాక పిల్లలు ఉత్సాహంగా బిగించుకుంటారు. అక్కడ రెండు తప్పులు జరుగుతాయి. ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది, గడియారానికి ఎదురు దిక్కులో బిగుస్తుంది. బలవంతంగా మామూలు దిక్కులో తిప్పితే పెడల్ బిగించే కమ్మీ (క్రాంకు) మర పోయి ఆ సైకిలు పనికిరాదు. రెండోది, ముందు ఫోర్కు వెనక్కి తిరిగి ఉండగానే హ్యాండిల్ బిగించేయడం. బ్రేకులు వెనక వైపు కనిపిస్తే అదే. మొదటి కిలోమీటరులోనే పడతారు.

ఇరవై మంది జట్టుకి వ్యాన్‌లో ఉండాల్సింది: సైజులవారీగా డజను ట్యూబులు, రెండు టైర్లు, రెండు నిలువు పంపులు, మూడు జతల టైరు లివర్లు, చైను కట్టర్ రెండు, చైను అతికే క్విక్ లింకులు రకానికి నాలుగు, బ్రేకు కేబుళ్లు ఆరు, గేరు కేబుళ్లు నాలుగు, బ్రేకు రబ్బర్లు నాలుగు జతలు, డిస్కు బ్రేకులుంటే వాటి ప్యాడ్లు, పొడవుకి నాలుగు చొప్పున స్పోకులు, 4, 5, 6 ఎలెన్ కీలు, 15 నంబరు స్పానరు, ఒక జత పెడళ్లు, వాల్వ్ రబ్బరు గొట్టం ఒక మూర. పిల్లల సంచులు కూడా వ్యాన్‌లోనే. వెనక క్యారేజీ మీద ఆరు కిలోలు కట్టించడమంటే స్పోకుల్ని తెంపడమే.

వ్యాన్ ఉందని పిల్లల చేతికి పనిముట్లు ఇవ్వకపోవడం మాత్రం తప్పు. జట్టులో చోటుకి నేను పెట్టే పరీక్ష దూరం కాదు, పంక్చరు. ఎవరి సాయం లేకుండా చక్రం ఊడదీసి, చిల్లు వెతికి, ఉప్పుకాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, వేలికి అంటకుండా ఆరేదాకా ఆగి, ప్యాచ్ వేసి, గాలి కొట్టి ఎక్కాలి. ఇరవై నిమిషాలు. తడి సొల్యూషన్ మీద ప్యాచ్ అతికిస్తారు, అది పది కిలోమీటర్లలో ఊడుతుంది. ఒకసారి ఊడితేనే ఓపిక వస్తుంది. కొత్త ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపలంతా గుడ్డతో తడమాలి. లారీ టైర్లు పేలినచోట సన్నని ఉక్కు తీగలు పడి ఉంటాయి, కంటికి కనపడవు, గుడ్డకి పట్టుకుంటాయి. చేత్తో తడిమితే వేలు తెగుతుంది.

అలవాటు, రోడ్డు

పన్నెండు వారాలు చాలు. వారానికి మూడు రోజులు, రెండు చిన్నవి, ఆదివారం ఒక పెద్దది. పెద్దది 15తో మొదలై వారానికి మూడు నాలుగు కిలోమీటర్లు పెరుగుతూ 50కి చేరాలి. 70 ముందే తొక్కించనక్కర్లేదు. చివరి నెలలో రెండు సార్లు శనివారం 40, ఆదివారం 40 వరుసగా తొక్కించండి. కూర్చునే చోట రెండో రోజు ఎలా ఉంటుందో పిల్లలకి అప్పుడే తెలుస్తుంది. బయల్దేరే వారం దాదాపు ఖాళీ.

జట్టుని ఆరుగురు, ఏడుగురి గుంపులుగా విడగొట్టాలి. ముందు ఒక పెద్ద, చివర ఒక పెద్ద. అందరికంటే నెమ్మదిగా తొక్కే పిల్ల రెండో స్థానంలో ఉండాలి, వెనక్కి వేస్తే ఆమె రోజంతా తరుముకుంటూనే ఉంటుంది. గుంపుకీ గుంపుకీ అర కిలోమీటరు ఎడం ఉంచితే లారీ ఒక గుంపుని దాటి మళ్లీ తన వైపుకి రావడానికి చోటుంటుంది. ఇరవై మంది ఒకే వరుసలో వెళ్తే ఫొటోకి బాగుంటుంది, దాటలేక విసిగిన డ్రైవరు ఎదురుగా బస్సు వస్తున్నా దాటతాడు. సైకిలుకీ సైకిలుకీ రెండు సైకిళ్ల దూరం. పక్కపక్కన కబుర్లు వద్దు. పిల్లలు ఎక్కువగా పడేది లారీల వల్ల కాదు. ముందువాడి వెనక చక్రానికి తమ ముందు చక్రం తగిలి. అది కూడా రోజు చివర పది కిలోమీటర్లలో, ధ్యాస సడలినప్పుడు.

వ్యాన్ పిల్లల వెనకాల నెమ్మదిగా రాకూడదు. హైవే మీద 18 కిలోమీటర్ల వేగంతో పాకే వ్యాన్‌ని వెనకనుంచి గుద్దే ప్రమాదం ఉంది. పది కిలోమీటర్లు ముందుకు వెళ్లి రోడ్డు దిగి ఆగాలి, అందరూ దాటాక మళ్లీ ముందుకెళ్లాలి.

డెల్టా రోడ్లకి తమవైన తిప్పలున్నాయి. డిసెంబరులో రోడ్డు సగం దాకా ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటారు. దాని మీద ఎక్కితే చక్రం జారుతుంది, రైతుతో తగువు కూడా. ముందువాడు 'వడ్లు' అని అరిచి చెయ్యి చాపాలి. గడ్డి పరకలు వెనక గేరు చక్రంలో చుట్టుకుంటే గేరు మార్చే డిరేలర్ని స్పోకుల్లోకి లాక్కుపోతుంది. గరగర శబ్దం వినగానే తొక్కడం ఆపేయాలి. వంగిపోతే చైను కోసి పొట్టి చేసి, ఒకే గేరు మీద బస దాకా వెళ్లొచ్చు, కట్టర్ రెండోది కొన్నది అందుకే. భీమవరం, నరసాపురం చుట్టుపక్కల రొయ్యల లారీల నుంచి ఐసు నీళ్లు కారి మలుపుల్లో రోడ్డు జారుడుగా ఉంటుంది. వంతెనల మీద అతుకుల ఇనుప పట్టీలని నిటారుగానే దాటాలి, పక్కగా వాలి దాటకూడదు. యానాం–ఎదుర్లంక, బోడసకుర్రు, చించినాడ, పులిగడ్డ–పెనుమూడి: నాలుగు పొడుగాటి వంతెనలు, నాలుగింటి మీదా పక్కగాలి తగులుతుంది. నీళ్లు తాగడం, ఫొటోలు వంతెన దాటాకే.

పొగమంచు ఉంటే బయల్దేరకండి. ఆ రోజుల్లో సూర్యోదయమే ఆరున్నర. రెండు కరెంటు స్తంభాల అవతలి మూడోది కనిపించేదాకా టీ తాగుతూ కూర్చోవడమే. ఆరున్నరకి బయల్దేరితే 60 కిలోమీటర్ల రోజు పదకొండు లోపు అయిపోతుంది.

నాయకుల జెండా ఊపుడు ఉంటే ముందురోజు సాయంత్రమే పెట్టించండి. పొద్దున పెడితే ఆయన తొమ్మిదికి వస్తారు, పిల్లలు రెండున్నర గంటలు ఎండలో నిలబడి అలిసిపోయాక యాత్ర మొదలవుతుంది. ఊరూరా సన్మానాలు కూడా ఇంతే. చెమట బట్టలతో, మెడలో బంతిపూల దండతో, మైకులో నాలుగో వక్త మాట్లాడుతుంటే కళ్లు తిరిగి పడిపోయే పిల్లలు ఉంటారు. రోజుకి ఒక్కటి, సాయంత్రం, ఇరవై నిమిషాలు, పిల్లలకి కుర్చీలు. ఇది ముందే ఉత్తరంలో రాసి ఇస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

నీళ్లు, తిండి, ఒళ్లు

గంటకి అర లీటరు, ఎండెక్కాక ముప్పావు లీటరు. ఉత్త నీళ్లే పదే పదే తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి తలనొప్పి, వికారం వస్తాయి. ఎండదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పట్టిస్తారు, అది ఇంకా చెరుపు. పూటకి ఒక సీసా ఓఆర్‌ఎస్ ఉండాలి. లీటరు ప్యాకెట్ 20.5 గ్రాములు ఉంటుంది, అంతా ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. రుచి కోసం సగం నీళ్లలో కలపకూడదు. రంగు రంగుల తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. వాటి పేర్లలో ఆ మాట వాడటం మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ దాన్ని ఆపింది. కోనసీమలో కొబ్బరిబోండాలు ఎలాగూ ఇస్తారు. పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. చిటికెడు ఉప్పు వేసి తాగించండి.

బయల్దేరే ముందు రెండు ఇడ్లీలు, ఇరవయ్యో కిలోమీటరు దగ్గర అసలు టిఫిను. మధ్యలో గంటకొక అరటిపండు, ఒక వేరుశెనగ అచ్చు. పూరీ, బజ్జీ తిన్నాక తొక్కితే కడుపులో తిప్పుతుంది. దారిలో ఎవరో అభిమానంగా పెట్టే బిర్యానీ రాత్రికి మళ్లించండి.

కూర్చునేచోట పుండ్లు పడటం గురించి పిల్లలు నోరు విప్పరు, ఆడపిల్లలు అసలు చెప్పరు. ముందే అందరికీ కలిపి ఒకసారి, మగపిల్లలకీ ఆడపిల్లలకీ విడిగా ఒకసారి చెప్పాలి. మెత్త ఉన్న సైకిల్ నిక్కరు లోపల ఇంకో బట్ట వేసుకోకూడదు, కుట్టు ఒరుసుకుంటుంది. చేరగానే స్నానం, పొడి బట్టలు. సముద్రం గాలికి ఉతికినవి రాత్రికి రాత్రి ఆరవు కాబట్టి మూడు నిక్కర్లు. ఒరుసుకునే చోట పొద్దున్నే కొబ్బరినూనె. నెలసరి వచ్చిన పిల్ల తొక్కాలా, వ్యాన్ ఎక్కాలా అన్నది ఆమె ఇష్టం, కారణం అడగొద్దు. ఆ వ్యాన్‌లో ఒక ఆడమనిషి ఉండి తీరాలి. శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడుందో ముందురోజే చూసుకుని ఆగే చోట్లు దాన్ని బట్టి పెట్టండి.

హెల్మెట్ కనుబొమ్మకి రెండు వేళ్ల పైన, గడ్డం కింద పట్టీకి ఒకటి రెండు వేళ్ల సందు. తల తగిలాక వాంతి, మగత, అడిగిందే అడగడం ఉంటే 108, ఆ పిల్లవాడు ఇక ఆ యాత్రలో సైకిలెక్కడు. పదేళ్లకి, పదహారేళ్లకి ధనుర్వాతం రాకుండా వేసే టీడీ టీకా వేశారో లేదో కార్డు చూసి రాసుకోండి. గీరుకోని పిల్ల ఉండదు.

డబ్బు

కిలోమీటరుకి ఇంత అని చందా రాయించుకునే పద్ధతి నాకు నచ్చదు. మోకాలు వాచిన పిల్లవాడు 'నేను దిగితే డబ్బు తగ్గుతుంది' అని కుంటుతూ తొక్కుతాడు. మొత్తంగా ఇంత అని రాయించాలి, తొక్కినా తొక్కకపోయినా. ఇక యాత్ర ఖర్చు వేరు, చందా వేరు. అమెరికాలో పాన్ మాస్ ఛాలెంజ్ అనే సైకిల్ యాత్ర 1980లో 36 మందితో, 10,200 డాలర్లతో మొదలైంది. బోస్టన్‌లోని డేనా–ఫార్బర్ క్యాన్సర్ ఆసుపత్రికి ఇచ్చే ఆ యాత్రలో ఇప్పుడు సైకిలిస్టు తెచ్చిన ప్రతి డాలరూ ఆసుపత్రికే వెళ్తుంది. ఖర్చులు ప్రవేశ రుసుము, కంపెనీల సాయంతో గడుస్తాయి. ఇరవై మంది జట్టుకి కూడా ఇదే సూత్రం పెట్టొచ్చు. భోజనాలు, వ్యాన్, ట్యూబులు తల్లిదండ్రులూ ఊరి దాతలూ భరించాలి. చందా డబ్బులోంచి టీ కూడా తాగకూడదు.

డబ్బు ఆ మంచి పని చేసే ట్రస్టు ఖాతాకే నేరుగా పడాలి, ఎవరి నాన్నగారి ఫోను నంబరుకీ కాదు. దారిలో హుండీ పట్టుకుని తిరగడం వద్దు. 80జీ అని జనం పిలిచే పన్ను మినహాయింపు పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లకే, అదీ నగదైతే 2,000 రూపాయల దాకే. ఈ మాట ముందే చెప్పకపోతే మార్చిలో ఫోన్లు వస్తాయి. విదేశాల్లో ఉన్న బంధువుల విషయంలో ఇంకా జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మేనమామ భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, ఆయన పంపేది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి ఉన్న ట్రస్టు, దానికి ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఉన్న ప్రత్యేక ఖాతాలోనే పుచ్చుకోవాలి. అనుమతి లేని చిన్న ట్రస్టుకి ఆయన వంద డాలర్లు పంపినా చిక్కే.

లెక్కల పుస్తకం ఇద్దరు పిల్లలకి అప్పగించండి. పెద్దవాళ్లు పక్కన కూర్చుని చూడొచ్చు, రాయకూడదు. ఎవరు రాయించారు, ఎంత, ఎప్పుడు జమ అయింది, రసీదు వెళ్లిందా. రాయించి ఇవ్వనివాళ్లు కొందరుంటారు. వాళ్లకి రెండుసార్లు మర్యాదగా గుర్తుచేసి వదిలేయడం కూడా ఆ పిల్లలే చేయాలి. యాత్ర ముగిసిన నెలలోపు ప్రతి దాతకీ ఒక కాగితం వెళ్లాలి: మొత్తం ఎంత, ట్రస్టు దానితో ఏం కొన్నది, ఖర్చు ఎవరు భరించారు. ఈ కాగితం వెళ్లని యాత్రకి రెండో ఏడు చందాలు రావు.

తర్వాత

ఇంటికొచ్చాక మొదటి వారం సైకిళ్లకి. ఉప్పుగాలి తిన్న చైను, స్పోకుల మొనలు, బోల్టులు నాలుగు రోజుల్లో తుప్పెక్కుతాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊరైతే మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పెట్టాలి. బేరింగులు విప్పి కొత్త గ్రీజు. పిల్లలకి రెండు రోజులు పూర్తి విశ్రాంతి. ఆకలి విపరీతంగా ఉంటుంది, నిద్ర ఎక్కువగా ఉంటుంది, వారం తర్వాత ఏదో పోగొట్టుకున్నట్టు కొందరు దిగులుగా తిరుగుతారు. తిట్టకండి. మూడో వారంలో అందరినీ మళ్లీ కలిపి ఒక పని చేతిలో పెట్టండి.

ఆ పని ఉండాలంటే యాత్ర దేనికోసమో ఎంచుకునేటప్పుడే ఆలోచించి ఉండాలి. చెక్కు ఇచ్చేసి చేతులు దులుపుకునే పని అయితే పిల్లలకి ఫొటో ఒకటే మిగులుతుంది. నా సలహా తలసేమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారవని పుట్టుకతో వచ్చే జబ్బు. ఆ జబ్బున్న పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, జీవితాంతం. డబ్బు మందులకీ పరీక్షలకీ పనికొస్తుంది, కానీ రక్తం మనుషులే ఇవ్వాలి. యాత్ర చేసిన పిల్లలకి పద్దెనిమిదేళ్లు నిండి, 45 కిలోల బరువుండి, ఆరోగ్యంగా ఉంటే ఇవ్వొచ్చు. అబ్బాయిలు మూడు నెలలకొకసారి, అమ్మాయిలు నాలుగు నెలలకొకసారి.

ఇంకో పని కూడా ఉంది. తలసేమియా లక్షణాన్ని తమకి తెలియకుండానే మోసే ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి ఆ జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. ఒక రక్త పరీక్షతో తెలిసిపోతుంది. పెద్దల అనుమతితో, ఫలితం ఆ కుటుంబానికి తప్ప ఎవరికీ చెప్పకుండా, జట్టులో ఇష్టమున్నవాళ్లకి ఆ పరీక్ష చేయించడం పన్నెండు వారాల అలవాటు రోజుల్లోనే అయిపోవాలి. ఎవరికైనా లక్షణం ఉందని తేలితే భయపెట్టకుండా డాక్టరు చేత చెప్పించాలి. మోసేవాళ్లు సైకిలు హాయిగా తొక్కొచ్చు, కొద్దిగా రక్తహీనత ఉంటే ఉండొచ్చు.

కాబట్టి లెక్కల పుస్తకం చివరి పేజీలో ఒక పట్టిక గీయించండి. పేరు, పుట్టిన తేదీ, రక్తం గ్రూపు, పద్దెనిమిది నిండే నెల, ఫోను నంబరు, నంబరు మారితే ఎవరిని అడగాలి. ఇంటరయ్యాక పిల్లలు హైదరాబాద్, చెన్నై, బెంగుళూరు చెల్లాచెదురవుతారు, నంబర్లు మారుస్తారు, సైకిళ్లు తమ్ముళ్లకి పోతాయి. పట్టిక చూసుకునే బాధ్యత జట్టులో అందరికంటే చిన్న పిల్లకి ఇవ్వండి, ఆమె ఇంకా మూడు నాలుగేళ్లు ఊళ్లోనే ఉంటుంది. ఆమె వెళ్లేటప్పుడు తర్వాతి ఏడు జట్టులో చిన్నవాళ్లకి అప్పగిస్తుంది. మొదటి దానానికి ఒంటరిగా పంపకండి, జట్టులో ఇంకొకరు తోడు వెళ్లాలి. ఖాళీ కడుపుతో వెళ్లకూడదు, ముందు అర లీటరు నీళ్లు తాగాలి, ఆ రోజు సైకిలు తొక్కకూడదు.